బ్యాటరీ బండా, డీజిల్ బండా? ఫోర్క్‌లిఫ్ట్ కొనే ముందు మీ షెడ్‌ని ఒకసారి చూసుకోండి

పటాన్‌చెరు దగ్గర ఒక ప్యాకింగ్ గోడౌన్‌లో పనిచేసేటప్పటి మాట. షెడ్ కట్టి రెండేళ్లు కూడా కాలేదు. కొత్త రేకులు, తెల్లటి గోడలు. లోపల తిరిగేది ఒకే ఒక్క డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్. లారీలకు సరుకు ఎక్కించే డాక్ దగ్గర బండి ఎక్కువసేపు ఆన్‌లో నిలబడేది కాబట్టి, సరిగ్గా దాని పైన రేకుల మీద కట్టెల పొయ్యి గిన్నె అడుగులా నల్లటి మరక పట్టింది. రోజూ చూసేదే కావడంతో అది మా కళ్లకు ఆనడం మానేసింది. ఆడిట్‌కి వచ్చిన కస్టమర్ తరఫు ఆయన మాత్రం ర్యాక్ మీదున్న అట్టపెట్టె మీద చూపుడు వేలితో ఒక గీత గీసి, ఆ వేలు మా మేనేజర్ ముఖం ముందు పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు. మూడు నెలల్లో బ్యాటరీ బండి వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతం అయ్యుంటే ఇంత రాసేవాణ్ణి కాదు. ఏడాది తిరిగేసరికి ఆ కొత్త బండి మధ్యాహ్నం రెండింటికల్లా నీరసించిపోయేది. నాలుగింటికి లారీ వస్తే లోడింగ్‌కి మళ్లీ డీజిల్ బండినే అద్దెకు తెచ్చుకున్నాం. తప్పు బండిది కాదు, మాది. ఆ సంగతి బ్యాటరీల దగ్గరకు వచ్చినప్పుడు చెప్తాను.

ఫోర్క్‌లిఫ్ట్ గురించి సలహా అడిగేవాళ్లు ఎక్కువగా ఎన్ని టన్నులు, ఎంత ఎత్తు, ఏ కంపెనీ అని మొదలుపెడతారు. నేను ఎదురు మూడు ప్రశ్నలు వేస్తాను. బండి తిరిగేది పైకప్పు కిందా, ఆరుబయటా? రోజుకు అవర్ మీటర్, అంటే బండి నడిచిన గంటలు లెక్కపెట్టే మీటర్, నిజంగా ఎన్ని గంటలు తిరుగుతుంది? సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు ఆ బండిని చూసుకునే మనిషి ఎవరు? మొదటి రెండింటికి జవాబు ఎలాగోలా వస్తుంది. మూడోదాని దగ్గర చాలామంది "ఎవరో ఒకరు చూస్తారు లెండి" అంటారు. మా గోడౌన్‌లోనూ అదే అన్నారు.

పైకప్పు కింద తిరిగే బండి

మూసిన షెడ్‌లో రోజంతా పని ఉంటే నా ఓటు బ్యాటరీ బండికే. దీనిలో పెద్ద చర్చేమీ లేదు. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న మొదటి గ్రూపులోనే దాన్నీ చేర్చింది. "ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టాం, షట్టర్లు తెరిచే ఉంచుతాం" అంటారు కొందరు. నిజమే, షెడ్ మధ్యలో నిలబడితే పెద్దగా తెలియదు. తెలిసేది కంటైనర్‌లో. 40 అడుగుల కంటైనర్ అంటే ఒక పక్క మాత్రమే తలుపున్న ఇనుప డబ్బా. డీజిల్ బండి సరుకు పట్టుకుని దాని లోపలికి వెళ్తుంది, పొగ గొట్టం తలుపు వైపే ఉంటుంది కానీ గాలి ఆడదు. లోపల సరుకు సర్దే హమాలీలు పది నిమిషాలకోసారి తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ బయటకు రావడం ఎన్నిసార్లు చూశానో.

తిండి సరుకు, మందులు, కాగితం, బట్టలు ఉన్న చోట మనుషుల ఆరోగ్యంతో పాటు సరుకు సంగతీ ఉంది. బియ్యం, టీ పొడి, బిస్కెట్లు వాసన పట్టేస్తాయి. మేడ్చల్, శంషాబాద్ వైపు పెద్ద గోడౌన్లకు వెళ్లి చూడండి, ర్యాకుల మధ్య డీజిల్ బండి దాదాపు కనబడదు. పైగా ర్యాకుల మధ్య దారి ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ సరుకు పడుతుంది. 3 టన్నుల డీజిల్ బండి ప్యాలెట్‌తో (సరుకు పేర్చే పలకతో) తిరగాలంటే సుమారు 4 మీటర్ల దారి కావాలి. మూడు చక్రాల బ్యాటరీ బండికి మూడుంపావు, మూడున్నర మీటర్లు చాలు. ఫోర్కులు ముందుకు చాచే రీచ్ ట్రక్ అయితే మూడు మీటర్ల లోపే సర్దుకుంటుంది. షెడ్ అద్దె చదరపు అడుగుకు ఇంతని కడుతున్నప్పుడు ఆ మీటరు తేడా బండి ధరను మరిపిస్తుంది.

బ్యాటరీ బండికి ఒక చిన్న ప్రమాదం ఉంది, ఎవరూ ముందు చెప్పరు. శబ్దం రాదు. డీజిల్ మోతకు అలవాటైన మనుషులు వెనక బండి వస్తోందని తెలుసుకోరు. బండికి ముందూ వెనకా నేల మీద నీలం వెలుగు పడే లైటు పెట్టించుకోండి. బండి కన్నా ముందే ఆ వెలుగు మూల తిరుగుతుంది. ఖర్చు తక్కువ, కొనేటప్పుడే అడిగితే చాలాసార్లు ఊరికే ఇస్తారు.

ఆరుబయట యార్డు

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో గానీ, ఫ్లైయాష్ ఇటుకల యార్డుల్లో గానీ, తాడిపత్రి బండల పాలిషింగ్ యూనిట్లలో గానీ నేల ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. గుంటలు, రాతి ముక్కలు, కటింగ్ నీళ్ల బురద. బ్యాటరీ బండ్లు చాలావరకు నేలకు దగ్గరగా, చిన్న సాలిడ్ టైర్లతో వస్తాయి, చదునైన కాంక్రీటు కోసం చేసినవి. ఇలాంటి చోట తిప్పితే ముందు అడుగు భాగం రాళ్లకు తగులుతుంది, ఆ తర్వాత కుదుపులకు కనెక్టర్లు వదులవుతాయి. గాలి టైర్ల డీజిల్ బండి ఇక్కడ ఇంటి అల్లుడిలా తిరుగుతుంది. 5 టన్నులు దాటిన బరువులకు బ్యాటరీ బండ్లు లేవని కాదు, ఉన్నాయి, కానీ ధర దగ్గర గుండె ఆగుతుంది.

వాన గురించి మాత్రం పాత భయం కొంత వదులుకోవచ్చు. ఇప్పుడు వచ్చే చాలా బ్యాటరీ బండ్లు వాన చినుకులు తట్టుకునేలా చేసినవే. నీళ్లు, దుమ్ము ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే ఐపీ రేటింగ్ ఎంతో కొటేషన్‌లో రాసివ్వమనండి, నోటి మాట తీసుకోవద్దు. వాన కన్నా ప్రమాదకరమైనది ప్రెషర్ వాటర్. దసరాకి ఆయుధ పూజ అని బండిని మెరిసేలా కడుగుదామని ప్రెషర్ గన్ పట్టిన కుర్రాడి ఉత్సాహం ఒక కంట్రోలర్ కార్డుకు చావు తెచ్చింది. పూజ అయ్యాక కొబ్బరికాయ ముక్కలు తింటూ బండి ఎందుకు కదలట్లేదని అందరం ఆశ్చర్యపోయాం.

ర్యాంప్ విషయంలో పొడవు చూసుకోండి. డాక్ దగ్గరి రెండు మూడు మీటర్ల వాలు బ్యాటరీ బండికి లెక్కే కాదు. బేస్‌మెంట్ నుంచి పైకి పొడుగాటి ర్యాంప్, రోజుకు 60 సార్లు లోడుతో ఎక్కాలి అంటే మోటారు వేడెక్కి వేగం దానంతట అదే తగ్గిపోతుంది, బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. అలాంటి చోట డీజిలే నయం, లేదా ర్యాంప్ వాలు, పొడవు డీలర్‌కి కొలిచి ఇచ్చి తగిన మోటారున్న బండి తెప్పించాలి.

అవర్ మీటర్‌తో ఒక లెక్క

డీలర్ ఇచ్చే పోలిక కాగితంలో బ్యాటరీ బండి ఎప్పుడూ గెలుస్తుంది. ఎందుకంటే అందులో రోజుకు ఎనిమిది పది గంటలు నడుస్తుందని రాసుకుంటారు. మీ బండి నిజంగా ఎంత నడుస్తుందో మీకే తెలియకపోవచ్చు. "పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆగదండీ" అన్న బండి అవర్ మీటర్‌ని ఒక నెల రోజులు రాసి చూస్తే రోజుకు రెండున్నర గంటలు తేలిన సందర్భాలున్నాయి. మిగతా టైమంతా లారీ కోసం, బిల్లు కోసం, టీ కోసం ఆగి ఉంటుంది.

కాబట్టి లెక్క మీరే వేసుకోండి. నేను ఒక ఉదాహరణ వేస్తాను, అంకెలు మీవి పెట్టుకోండి. 3 టన్నుల డీజిల్ బండి గంటకు 3 లీటర్లు తాగుతుందనుకుందాం, లీటరు 95 రూపాయలు. గంటకు 285. అదే పని చేసే బ్యాటరీ బండికి ఛార్జింగ్‌లో పోయే వృథాతో కలిపి గోడ దగ్గర 8 యూనిట్లు కాలుతుందనుకుందాం, యూనిట్ 8 రూపాయల 50 పైసలు. గంటకు 68. తేడా 217 రూపాయలు.

రోజుకు 6 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 1,800 గంటలు. ఏడాదికి ఆదా 3 లక్షల 90 వేలు. దీనికి తోడు డీజిల్ బండికి 250 గంటలకోసారి ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, అప్పుడప్పుడూ రేడియేటర్, సెల్ఫ్, బెల్టులు. బ్యాటరీ బండికి అవేమీ లేవు, కానీ బ్యాటరీ అరుగుదల ఉంది. కొత్త బ్యాటరీ 4 లక్షలు, ఐదేళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 80 వేలు దాని ఖాతాలో రాయాలి. అయినా ఏడాదికి 3 లక్షల పైనే మిగులుతుంది. కొనేటప్పుడు 5 లక్షలు ఎక్కువ పెట్టినా రెండేళ్లు తిరక్కుండానే తిరిగొస్తుంది.

ఇప్పుడు అదే బండి రోజుకు గంట మాత్రమే నడుస్తుందనుకోండి. 300 గంటలు, ఆదా 65 వేలు. బ్యాటరీ మాత్రం వాడినా వాడకపోయినా ముసలిదవుతూనే ఉంటుంది, ఆ 80 వేలు దానికే పోయాయి. ఇలాంటి చోట డీజిల్ బండి, అదీ మంచి సెకండ్ హ్యాండ్‌ది, తెలివైన బేరం. ఇంకా తక్కువ పని ఉంటే, వారానికి రెండు లారీలు దింపుకోవడం వరకే అయితే, కొననే వద్దు. గంటల లెక్కన అద్దెకు పిలవండి.

నా అనుభవంలో గీత రోజుకు మూడు, నాలుగు గంటల దగ్గర పడుతుంది. దానికి పైన బ్యాటరీ, కింద డీజిల్. మూసిన షెడ్ అయితే ఈ గీతను పట్టించుకోవద్దు.

కరెంటు సంగతి

ఛార్జర్‌కి త్రీ ఫేజ్ కావాలి. మామూలు లెడ్ యాసిడ్ ఛార్జర్ ఒకటి 8 నుంచి 10 కిలోవాట్లు లాగుతుంది. లిథియం ఫాస్ట్ ఛార్జర్ దానికి రెండింతలు, ఇంకా ఎక్కువా. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న ఫ్యాక్టరీలో సాయంత్రం ఆరింటికి నాలుగు బండ్లు ఒకేసారి ప్లగ్ చేస్తే ఆ నెల గరిష్ఠ డిమాండ్ (ఒకేసారి లాగిన కరెంటు) కరెంటు కంపెనీతో ఉన్న ఒప్పందం దాటి పెనాల్టీ పడొచ్చు. ఆ బిల్లు ఫోర్క్‌లిఫ్ట్ ఖాతాలో ఎవరూ రాయరు, కానీ తెచ్చింది అదే. ఛార్జర్‌కి టైమర్ పెట్టించి రాత్రి పది దాటాక మొదలయ్యేలా చేస్తే డిమాండ్ గొడవా ఉండదు, సమయాన్ని బట్టి ధర మారే టారిఫ్ ఉన్నచోట యూనిట్ కూడా తక్కువకు పడుతుంది.

కరెంటు కోతలున్న చోట ఇంకో లెక్క ఉంది. జనరేటర్ మీద ఛార్జింగ్ పెడితే లీటరు డీజిల్‌కి మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. అంటే యూనిట్ 27 నుంచి 32 రూపాయలు. గంటకు 8 యూనిట్ల చొప్పున వేయండి, డీజిల్ బండి ఖర్చుకు దాదాపు దగ్గరకొచ్చేస్తుంది. అప్పుడప్పుడూ అయితే ఫర్వాలేదు, రోజూ అదే పరిస్థితి అయితే డీజిల్‌ని చుట్టూ తిప్పి బ్యాటరీలో పోస్తున్నట్టే.

ఏ బ్యాటరీ? మా తప్పు ఎక్కడ జరిగింది?

"బ్యాటరీ బండి" అని ఒకే పేరు పెట్టినా లోపల రెండు వేర్వేరు బండ్లున్నాయి. లెడ్ యాసిడ్, లిథియం. వీటి మధ్య తేడా ఒక్కోసారి డీజిల్‌కి, బ్యాటరీకి ఉన్న తేడా కన్నా ఎక్కువ.

లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే 2 వోల్టుల సెల్స్ వరుసగా పేర్చిన ఇనుప పెట్టె. 48 వోల్టుల బండికి 24 సెల్స్, 80 వోల్టుల దానికి 40. బరువు టన్ను దగ్గర్నుంచి టన్నున్నర. ఆ బరువు దండగ కాదు, ముందు ఫోర్కుల మీద లోడు లేపినప్పుడు బండి ముందుకు ఒరిగిపోకుండా వెనక పట్టుకునేది అదే. దీని దినచర్య ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు ఛార్జింగ్, ఎనిమిది గంటలు చల్లారడం. రోజుకు ఒక షిఫ్ట్ పని ఉన్న చోట ఇది చక్కగా సరిపోతుంది. 80 శాతానికి మించి ఖాళీ చేయకుండా, రోజుకోసారి నిండా ఛార్జ్ చేస్తే 1,200 నుంచి 1,500 ఛార్జింగ్‌లు వస్తుంది. నాలుగైదేళ్ల మాట.

మా గోడౌన్‌లో ఏం జరిగిందంటే, సాయంత్రం డ్యూటీ దిగే ముందు హెల్పర్ మూతలు తీసి ప్రతి సెల్‌లో అంచు దాకా నీళ్లు పోసేవాడు. తర్వాత ఛార్జింగ్ పెట్టేవాడు. ఛార్జ్ అయ్యేటప్పుడు లోపలి ద్రవం పొంగి బుడగలొస్తుంది. అంచు దాకా ఉన్నది పొంగితే ఎక్కడికి పోతుంది? బయటకే. యాసిడ్ కారి ట్రే అంతా తెల్లటి పొక్కులు, కింద కాంక్రీటు గుల్ల. మర్నాడు తగ్గిన చోట మళ్లీ నీళ్లు. అలా రోజు రోజుకూ యాసిడ్ పల్చబడింది. నీళ్లు పోయాల్సింది ఛార్జింగ్ అయిపోయాక. ముందు చూసినప్పుడు ప్లేట్లు తేలి కనిపిస్తేనే అవి మునిగే వరకు కొద్దిగా పోయాలి.

అది ఒకటి. డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు అయిపోయిన వారం "నీళ్లే కదా" అని బోరు నీళ్లు పోశారు. మా బోరు నీళ్లతో టీ కాస్తే గిన్నెకు తెల్లగా పేరుకుంటుంది, ఆ ఖనిజాలన్నీ ప్లేట్లకు పట్టాయి. ఇంకొకటి, టీ బ్రేక్‌లో పావుగంట, భోజనానికి అరగంట ప్లగ్ పెట్టడం. సెల్‌ఫోన్ అలవాటు. లెడ్ యాసిడ్‌కి అది పడదు, ఎప్పుడూ నిండదు, ఎప్పుడూ చల్లారదు. సర్వీస్ ఇంజినీర్ వచ్చి యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పెట్టి చూస్తే, నిండా ఛార్జ్ అయిన సెల్‌లో 1.28 దగ్గర ఉండాల్సిన రీడింగ్ కొన్నింట్లో 1.20 కూడా రాలేదు. ఆయన ఆ కాగితం మా చేతికిచ్చి, వారంటీ గురించి మేం అడగకముందే తల అడ్డంగా ఊపాడు.

ఛార్జింగ్ చోటు కూడా ముఖ్యం. చివర్లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. కాబట్టి గాలి ఆడే చోటు, బీడీ సిగరెట్లు లేని చోటు, పక్కన కళ్లు కడుక్కోవడానికి నీళ్లు, యాసిడ్ ఒలికితే చల్లడానికి తినే సోడా. మన ఎండలకు రేకుల షెడ్‌లో మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టడం బ్యాటరీని వేయించడమే. పది డిగ్రీల వేడి ఎక్కువైతే ఆయుష్షు సగానికి పడిపోతుందని బ్యాటరీ వాళ్లు చెప్పే మోటు లెక్క.

లిథియంలో ఈ బాధలేవీ లేవు. నీళ్లు లేవు, పొగలు లేవు, టీ బ్రేక్‌లో ప్లగ్ పెట్టడమే దానికి సరైన పద్ధతి. గంటన్నర, రెండు గంటల్లో నిండుతుంది. రెండు మూడు షిఫ్టులు నడిచే చోట లెడ్ యాసిడ్ అయితే రెండో బ్యాటరీ, టన్ను పైన బరువున్న దాన్ని మార్చడానికి క్రేన్ లేదా రోలర్ల ఏర్పాటు, దానికి చోటు, మార్చే మనిషి కావాలి. ఇవన్నీ కలిపి చూస్తే ఒక్క లిథియం బ్యాటరీయే చౌక. మొదట ఇచ్చే చెక్కు మాత్రం పెద్దది. నా మట్టుకు నాకు, మూడో ప్రశ్నకు "ఎవరో ఒకరు చూస్తారు" అన్న జవాబొచ్చిన ప్రతి చోటా లిథియమే చెప్తాను. పాడు చేయడానికి మనుషులకు అందులో పెద్దగా అవకాశం ఉండదు.

ఒక్క జాగ్రత్త. పాత లెడ్ యాసిడ్ బండిలో బ్యాటరీ పోయాక "లిథియం పెట్టించేస్తాం" అని వచ్చేవాళ్లుంటారు. బండి మీదున్న ప్లేట్ చదవండి, బ్యాటరీ కనీస బరువు, గరిష్ఠ బరువు అందులో ఉంటాయి. లిథియం తేలిక. ఆ తగ్గిన బరువుకు ఇనుప దిమ్మ కలపకుండా పెడితే 3 టన్నుల బండి ఇక 3 టన్నుల బండి కాదు, లోడు పైకెత్తినప్పుడు వెనక చక్రాలు లేస్తాయి.

కొన్ని ప్రత్యేకమైన చోట్లు

భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లలో సరుకు మైనస్ 18 డిగ్రీల గదుల్లో ఉంటుంది. ఆ గదిలోకి డీజిల్ బండి ప్రశ్నే లేదు. కానీ మామూలు బ్యాటరీ బండి కూడా కుదరదు. చలికి లెడ్ యాసిడ్ సామర్థ్యం బాగా పడిపోతుంది. మామూలు లిథియం సున్నా డిగ్రీల కింద ఛార్జ్ తీసుకోదు, హీటర్ ఉన్న బ్యాటరీ కావాలి. వీటికన్నా పెద్ద శత్రువు తేమ. చల్లటి బండి బయట గోదావరి జిల్లాల ఉక్కపోతలోకి రాగానే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ నీళ్లు కనెక్టర్లలో, కార్డుల్లో చేరతాయి. కోల్డ్ స్టోరేజ్ కోసమే చేసిన మోడల్ అడగండి. రాత్రి బండిని గదిలో వదలొద్దు, బయట వరండాలోనే ఛార్జింగ్.

ఆదిలాబాద్, వరంగల్ జిన్నింగ్ మిల్లుల్లో కథ వేరు. పత్తి బేలు 170 కిలోలే, బరువు సమస్య కాదు, పక్కల నుంచి నొక్కి పట్టే బేల్ క్లాంప్ ఉంటే రెండు మూడు కలిపి పట్టుకోవచ్చు. సమస్య గాల్లో తేలే దూది. డీజిల్ బండి రేడియేటర్ వారంలో దుప్పటి కప్పుకున్నట్టు మూసుకుపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. అంతకన్నా భయం సైలెన్సర్. వేడి గొట్టం మీద పేరుకున్న దూది, పక్కనే వందల బేలు. బేళ్ల గోడౌన్ లోపల బ్యాటరీ బండి, యార్డులో లారీల దగ్గర, పొగ గొట్టంలోంచి నిప్పురవ్వలు రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ పెట్టిన డీజిల్ బండి, అలా విడదీయడమే మేలు. సీజన్ నాలుగైదు నెలలే కాబట్టి డీజిల్‌ది అద్దెకు తెచ్చుకున్నా నష్టం లేదు. బ్యాటరీ బండిని ఆఫ్ సీజన్‌లో మూలన పడేసి మర్చిపోవద్దు, నెలకోసారైనా నిండా ఛార్జ్ చేయాలి, లేకపోతే దసరాకి తీసేసరికి బ్యాటరీ ఉండదు.

ఫార్మా కంపెనీల సాల్వెంట్ స్టోర్స్‌కి ఈ వ్యాసంలోని రెండు బండ్లూ పనికిరావు. ఆవిరి మండే చోట మామూలు డీజిల్ ఇంజినూ నిప్పే, మామూలు మోటారూ నిప్పే. ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్ ఉన్న బండే వాడాలి. "బ్యాటరీదే కదా, పొగ రాదు" అని డ్రమ్ముల దగ్గరకు తీసుకెళ్లేవాళ్లను చూశాను, ఆ ధైర్యం నాకు లేదు.

కంటైనర్ లోడింగ్ ఎక్కువగా ఉంటే డీజిల్, బ్యాటరీ చర్చ కన్నా ముందు మాస్ట్ (ఫోర్కులు ఎక్కి దిగే నిలువు స్తంభం) ఎత్తు చూడండి. మామూలు కంటైనర్ తలుపు ఎత్తు సుమారు 2 మీటర్ల 28 సెంటీమీటర్లు. మాస్ట్ దించినప్పుడు దాని కింద పట్టాలి, లోపలికెళ్లాక మాస్ట్ పైకి సాగకుండానే ఫోర్కులు లేవాలి. దీన్ని ఫ్రీ లిఫ్ట్ అంటారు. అది లేని బండి తెచ్చుకుని రెండో వరస పెట్టడానికి హమాలీల చేత మోయించిన చోట్లు చాలానే ఉన్నాయి.

ఎల్‌పీజీ బండ్ల గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలో బాగా వాడతారు, లోపలా బయటా తిరుగుతాయి. మన దగ్గర సిలిండర్ సరఫరా, సర్వీస్ రెండూ తలనొప్పే. మసి రాదు గానీ ఇంజిన్ ట్యూనింగ్ తప్పితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ తగిలించడం చట్టరీత్యా నేరం కూడా.

పాడైతే ఎవరొస్తారు

డీజిల్ ఇంజిన్ ఆగిపోతే విజయవాడ ఆటోనగర్ నుంచి గానీ, మీ ఊరి ట్రాక్టర్ మెకానిక్ గానీ సాయంత్రానికి వచ్చేస్తాడు. ఇంజెక్టర్, ఫీడ్ పంపు, సెల్ఫ్ అన్నీ అతనికి చిరపరిచితం. బ్యాటరీ బండి తక్కువ పాడవుతుంది, అది నిజం. కానీ డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ వచ్చి నిలబడిందంటే ల్యాప్‌టాప్ పట్టుకుని డీలర్ మనిషే రావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల అయితే మర్నాడు. మారుమూల అయితే మూడు రోజులు, కార్డు మార్చాలంటే వారం. కొనే ముందు మీ జిల్లాలో అదే మోడల్ వాడుతున్న ఇద్దరి ఫోన్ నంబర్లు డీలర్‌నే అడగండి. "సర్వీస్ ఎలా ఉంది?" అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. "పోయినసారి ఆగిపోయినప్పుడు ఎన్ని రోజులకు వచ్చారు?" అని అడగండి.

సెకండ్ హ్యాండ్ అయితే డీజిల్ బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉందంటే ఎందుకో ఆలోచించండి. బ్యాటరీ బండిలో ధరంతా బ్యాటరీలోనే ఉంది, కాబట్టి నిండా ఛార్జ్ చేయించి ప్రతి సెల్ రీడింగ్ మీ కళ్ల ముందే రాయించుకోండి. మూడు నాలుగు సెల్స్ వెనకబడి ఉంటే బ్యాటరీ ధర పూర్తిగా తీసేసి బేరమాడండి. తుక్కు కింద సీసానికి మంచి ధరే వస్తుంది, అయితే రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇవ్వాలి. రెండు రకాల బండ్లకూ ఫోర్కుల మడమ దగ్గర, అంటే వంపు తిరిగే చోట, మందం కొలవండి. నిలువు భాగంతో పోలిస్తే పది శాతం అరిగితే ఆ ఫోర్కులు మార్చాల్సిందే, బలం అయిదో వంతు పోయినట్టు. అవర్ మీటర్ అంకెను నమ్మొద్దు. పెడల్ రబ్బరు ఎంత అరిగిందో, సీటు ఎంత కుంగిందో చూడండి, అవి తిప్పి పెట్టలేరు.

కొత్తదైతే డెమో అడగండి. అరగంట షోరూమ్ డెమో కాదు, మీ షెడ్‌లో, మీ ఆపరేటర్ చేతిలో వారం రోజులు. పెద్ద కంపెనీల డీలర్లు చాలామంది ఒప్పుకుంటారు. ఒక నోట్‌బుక్ బండికి తాడుతో కట్టండి. షిఫ్ట్ మొదట్లో, చివర్లో అవర్ మీటర్ ఎంత, ఛార్జ్ ఎంత శాతం, ఛార్జర్ దగ్గర పెట్టిన సబ్‌మీటర్ రీడింగ్ ఎంత అని రాయించండి. డీజిల్ డెమో అయితే ట్యాంక్ నింపి మొదలుపెట్టి, వారం చివర మళ్లీ నింపితే ఎన్ని లీటర్లు పట్టిందో చూసుకోండి. నోట్‌బుక్ రోజూ ఎవరు రాశారో కూడా గమనించండి. ఆ మనిషి పేరే మూడో ప్రశ్నకు జవాబు. ఎవరూ రాయకపోతే లెడ్ యాసిడ్ కొటేషన్ పక్కన పెట్టి, లిథియంకి ఎంతవుతుందో కనుక్కోండి.